వన్‌టౌన్‌లో తాతగారి మిద్దె: బాగు చేయించాలా, కొట్టించాలా?

కొత్తపేట మనవడు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప పెద్దగా రాయను. ఇప్పుడు అవసరం పడింది.

విజయవాడ వన్‌టౌన్‌లో, శివాలయం వీధికి దగ్గర్లో మా తాతగారి ఇల్లు ఉంది. వీధి వైపు రెండు షాపులు, వాటి వెనక నడవా, మధ్యలో మండువా, పైన మిద్దె గదులు, ముందు చెక్క వరండా. ఎప్పుడు కట్టారో కాగితం లేదు. నానమ్మ కాపురానికి వచ్చేటప్పటికే అది పాత ఇల్లట. గోడలు మూరెడుకి పైనే మందం. కప్పు టేకు దూలాల మీద ఇటుక, సున్నం. పోయిన వానాకాలం మేడ మీద గదిలో ఒక మూల పెచ్చులు ఊడి పడ్డాయి. ఆ తర్వాత "శిథిల భవనం, ఖాళీ చేయండి" అని తలుపుకి నోటీసు అంటించి వెళ్లారు.

హక్కుదారులు నాన్న, బాబాయ్, ఇద్దరు మేనత్తలు. బాబాయ్ బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేసి ఫ్లాట్లు కట్టిద్దామంటున్నాడు. పెద్దత్త కొట్టడానికి సంతకం పెట్టేది లేదంటోంది. చిన్నత్త ఎటూ చెప్పదు. నాన్నేమో "నువ్వే ఏదో ఒకటి తేల్చరా" అని నా నెత్తిన పెట్టారు. షాపుల వాళ్లు నేను పుట్టకముందు నుంచీ ఉన్నారు.

ఇలాంటి ఇల్లు నిజంగా బాగు చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? సెంటిమెంట్ సంగతి మా ఇంట్లో కావలసినంత ఉంది. నాకు లెక్క కావాలి.

బెజవాడ బాబాయ్:
కొట్టించకు నాయనా.

మా చిన్నతనంలో బ్రాహ్మణ వీధిలో, పులిపాటి వారి వీధిలో ఈ చివర అరుగెక్కితే నేల మీద కాలు పెట్టకుండా చాలా దూరం పోయేవాళ్లం. ఇప్పుడు అరుగు ఉన్నచోటల్లా షట్టర్. 1888లో మునిసిపాలిటీ అయింది మన ఊరు. అదే రోజుల్లో రైలు వచ్చింది, 1893కి కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. ధాన్యం, పొగాకు, బట్టల వ్యాపారం అంతా కొండకీ కాలువలకీ మధ్య ఈ ఇరుకు వీధుల్లోనే జరిగింది. ఆ డబ్బుతో కట్టినవే ఇవన్నీ, ఇందులో రాజులకీ దొరలకీ పనేమీ లేదు.

1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ టాకీస్ కట్టారు. బెజవాడలో మొదటి సినిమా హాలు అదే. దాని గురించి ఇప్పటి పిల్లల్ని అడిగి చూడు, పేరు కూడా తెలియదు.

జి ప్లస్ ఫోర్:
బాబాయ్ గారూ, అరుగుల మీద నడక బాగానే ఉంటుంది, ఇంటి పన్ను ఎవరు కడతారండీ?

తమ్ముడూ, నేను కట్టేవాణ్ని కాబట్టి నిజం చెబుతా. మీ బాబాయ్ ఊహించుకుంటున్న ఫ్లాట్లు ఆ జాగాలో రావు. మన బిల్డింగ్ రూల్స్‌లో ముందు ఉన్న రోడ్డు వెడల్పును బట్టే ఎత్తు ఇస్తారు. మీ వీధిలో ఆటో ఎదురైతే బండి వెనక్కి తీయాలి. పైగా మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధిని వెడల్పు చేసేట్టు ఉంటే ముందు జాగా వదలాలి. మిగిలినదాంట్లో సెట్‌బ్యాక్‌లు (చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగ్ పోతే ఎంత మిగులుతుంది? పాత ఇల్లు వీధి అంచు దాకా, పక్కిళ్లకి ఆనుకుని కట్టి ఉంటుంది. కొట్టిన మరుక్షణం ఆ సౌకర్యం పోతుంది. ఇప్పుడున్నంత కట్టుబడి ఏరియా కొత్తదాంట్లో మీకు మళ్లీ రాకపోవచ్చు. ఇది చాలామందికి కొట్టాక తెలుస్తుంది.

ఇంకోటి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉందా? ఉంటే మీ ఇల్లు దింపేటప్పుడు వాళ్ల దూలాలు గాల్లో ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

కొట్టొద్దని కాదు నేననేది. బిల్డర్ దగ్గరికి వెళ్లే ముందు వీధి కొలిపించుకో.

కొత్తపేట మనవడు:
అన్నా, ఇది బాబాయ్‌కి చూపిస్తాను. తూర్పు వైపు ఉమ్మడి గోడే. పడమర సందు.

గానుగ సున్నం:
సున్నం కట్టడాల పని చేయించి రిటైరయ్యాను. ఫొటో లేకుండా తీర్పు చెప్పను గానీ, ఏం చూడాలో చెబుతాను.

మీరు చెప్పేదాన్ని మద్రాస్ టెర్రస్ అంటారు. దూలాల మీద అడ్డంగా చిన్న వాసాలు, వాటి మీద పలచటి ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసలో, సున్నంతో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. కొడుతూ కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు చల్లేవాళ్లు. ఇలా కొట్టిన మిద్దె నీళ్లు దిగనిచ్చేది కాదు. మరి ఇప్పుడెందుకు దిగుతోంది? నేను చూసినంతలో ఎక్కువ ఇళ్లలో కారణం వయసు కాదు, మధ్యలో ఎవరో చేసిన సిమెంటు మరమ్మతు.

సున్నపు గోడ తడి పీలుస్తుంది, వదులుతుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే నేలలోంచి ఎక్కిన తడికి బయటికి దారి ఉండదు. లోపలే పైకి పాకి ఎక్కడో చవుడుగా బయటపడుతుంది. ఇటుక పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు మళ్లీ ఇంకో పూత సిమెంటు. గోడని చంపేది ఇదే. మిద్దె మీద కూడా అంతే. ఒకసారి సిమెంటు కోటింగ్, పగిలితే దానిమీద ఇంకోటి, ఎండకి తాళలేక తెల్ల టైల్స్, చివరికి నీళ్ల ట్యాంకు. పాపం ఆ దూలం ఇదంతా మోయడానికి వేసింది కాదు.

ఇప్పుడు ఈ పని చేయండి. పెచ్చులు ఊడిన మూలలో దూలం గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. టేకు నడుమ భాగం చాలాకాలం నిలుస్తుంది, గోడలో ఇరుక్కున్న కొస ముందు పోతుంది, ఎందుకంటే తడి అక్కడే ఆగుతుంది, చెద అక్కడి నుంచే ఎక్కుతుంది. గుచ్చితే టక్ మని ఆగిందా, దూలం బతికున్నట్టు. వేలు లోతున దిగిందా, ఆ కొస పోయినట్టు. కొస పోయినంత మాత్రాన దూలం అంతా పారేయక్కర్లేదు. కింద ఆపులు పెట్టి, పాడైన మేర కోసి, కొత్త టేకు ముక్క అతుకు వేసి బోల్టులు బిగిస్తారు. గోడ పక్కన ఇనుప చానల్ ఇచ్చి ఆనించడం ఇంకో పద్ధతి, చూడ్డానికి బాగోదు గానీ చవక.

తర్వాత మిద్దె మీదికెక్కి తూము చూడండి. చెత్త అడ్డుపడి నీళ్లు నిలిస్తే ఏ కప్పూ ఆగదు. గోడ పగులులో రావి మొక్క ఉంటే పైపైన కోయకండి, మళ్లీ చిగురించి వేరు బలుస్తుంది. వేరు దాకా ఇటుకలు విప్పి తీయించి తిరిగి కట్టించాలి.

చదరపు అడుగుకి ఇంత అని ఫోన్లో ధర చెప్పే కాంట్రాక్టరుని ఇంటికి రానివ్వకండి.

షట్టర్ నంబర్ రెండు:
నేను వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపు అద్దెకు నడుపుతున్నాను. ఈయన షాపు కాదు, ఇంకో వీధి. మీరంతా ఇళ్లవాళ్ల మాట చెబుతున్నారు. అద్దెకున్నవాడి మాట కూడా వినండి.

వాన పడితే రాత్రి నిద్ర పట్టదు. సరుకు మీద టార్పాలిన్ కప్పుకుని ఇంటికెళతాం. ఓనరుకి చెబితే "నువ్విచ్చే అద్దెకి పెంకు కూడా రాదు" అంటాడు. అదీ నిజమే, అద్దె మా నాన్న కాలం నాటిది. పెంచమంటే మేం పెంచం, బాగు చేయమంటే వాళ్లు చేయరు. మధ్యలో ఇల్లు పోతుంది. కరెంటు వైర్లు చూస్తే భయం వేస్తుంది, చెక్క అటక మీద నుంచే పోతాయి. మా సందులోకి ఫైరింజన్ రాదు. వారసత్వం అని ఫొటోలు తీసుకోవడానికి ఆదివారం పూట వచ్చేవాళ్లు సోమవారం వచ్చి సరుకు దించి చూడాలి.

కొత్తపేట మనవడు గారూ, మీ షాపుల వాళ్లతో కూర్చుని మాట్లాడారా అసలు? మరమ్మతు ఖర్చులో కొంత అడ్వాన్సుగా ఇచ్చి అద్దెలో కోసుకోమంటే ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడి నుంచి కదిలితే మా బేరం పోతుంది, అది మాకు ఇల్లు పోవడం లాంటిదే. వస్త్రలత హోల్‌సేల్ బట్టల కాంప్లెక్సులో షాపు దొరికినా పాత గిరాకీ మళ్లీ రాదు.

కొత్తపేట మనవడు:
లేదండీ, నేరుగా మాట్లాడలేదు. అద్దె బాబాయ్ వసూలు చేస్తాడు. మాట్లాడతాను.

డల్లాస్ టు దుర్గగుడి:
బ్రో, పాండిచ్చేరిలో చూశాను, పాత ఇళ్లని హోటళ్లు, కేఫ్‌లు చేశారు. సూపర్‌గా ఉంటాయి. మండువాలో కాఫీ షాప్ పెట్టొచ్చు కదా.

జి ప్లస్ ఫోర్:
పాండిచ్చేరిలో సముద్రం ఉంది అన్నా. ఇక్కడ మండువాలో కాఫీ తాగాలంటే ముందు బట్టల మూటల మధ్య నుంచి రావాలి.

లెనిన్ సెంటర్:
పాండిచ్చేరి అన్నారు కాబట్టి ఒక సంగతి. అక్కడ బీచ్ రోడ్డులో మేరీ అని పాత మునిసిపాలిటీ భవనం ఉండేది, 1870ల నాటిది. బాగు చేయాలని ఏళ్ల తరబడి మాట్లాడుకుంటూ ఉండగానే 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. తర్వాత అదే రూపంలో మళ్లీ కట్టి 2021లో తెరిచారు. ఇప్పుడు చూసేవాళ్లకి తేడా తెలియదు. అది పాతదేనా? నా మటుకు కాదు. కానీ ఖాళీ జాగా కన్నా నయమే. ఎవరేమంటారు?

గానుగ సున్నం:
బొమ్మ బాగుంటుంది. కానీ సామాను, పనితనం ఒకసారి పోతే పోయినట్టే. అందుకే నేను పడకముందే ఆపులు పెట్టమని మొత్తుకుంటాను. రెండు సర్వీ బాదులు, ఒక అడ్డ దిమ్మ. దానికి కమిటీలూ టెండర్లూ అక్కర్లేదు.

వాయిదా వకీలు:
నోటీసు సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మనవడు గారూ, తప్పకుండా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి, ఏ భాగం ప్రమాదం, ఏ భాగం బాగుంది అని రిపోర్టు తీసుకుని జత చేసి, మరమ్మతుకి గడువు అడగండి. ఆ ప్రమాదమున్న గదిని మాత్రం ఈరోజే ఖాళీ చేయించండి. రేపు ఎవరిమీదైనా పడితే ఏ చట్టమూ మిమ్మల్ని కాపాడదు.

ఇక "పాత ఇల్లు కదా, పురావస్తు శాఖ వాళ్లు కాపాడరా" అని అడిగేవాళ్లకి. 1958 కేంద్ర చట్టం, 1960 నాటి మన రాష్ట్ర చట్టం, రెండూ రక్షిత కట్టడంగా ప్రకటించిన వాటికే వర్తిస్తాయి. ఉండవల్లి గుహలు, మొగల్రాజపురం గుహలు ఆ కోవలోవి. వాటి చుట్టూ 100 మీటర్లలో కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతి కావాలి, ఇది 2010 సవరణ. మీ ఇల్లు ఆ జాబితాలో లేదు, ఉండదు కూడా. వీధిలో మామూలు ఇళ్లని కాపాడాలంటే పట్టణ ప్రణాళికలో వారసత్వ జాబితా ఉండాలి. బొంబాయిలో 1995 నుంచి ఉంది. హైదరాబాదులోనూ హుడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధన 13 కింద అదే ఏడాది వచ్చింది, 2015లో తీసేశారు. అక్కడి ఎర్రమంజిల్ పాత ప్యాలెస్‌ని కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది, అది వేరే కథ. మన బిల్డింగ్ రూల్స్‌లో వారసత్వ భవనాలకి టీడీఆర్ ఇవ్వొచ్చన్న మాట ఉంది. అంటే ఆ జాగాలో కట్టుకోకుండా వదిలిన హక్కుని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. కానీ ముందు అది వారసత్వ భవనమని ఎవరో ఒకరు గుర్తించాలి కదా.

వాటాల గురించి. తాతగారు వీలునామా రాయకుండా పోయి, ఇల్లు ఆయన స్వార్జితమైతే మేనత్తలకి సమాన వాటా, ఇందులో వాదనే లేదు. ఒకరు సంతకం పెట్టకపోతే డెవలప్‌మెంట్ అగ్రిమెంటు ముందుకు కదలదు. మీ బాబాయ్ విసుగొచ్చి తన వాటా బయటివాడికి అమ్మేస్తే? 1893 నాటి పార్టిషన్ చట్టంలో 4వ సెక్షన్ చూడండి. కుటుంబం ఉండే ఇంట్లో బయటివాడు వాటా కొని విభాగం కోసం కోర్టుకెళితే, ఆ వాటాని కోర్టు కట్టిన విలువకి కొనుక్కునే హక్కు కుటుంబీకులకి ఉంటుంది. అయితే షాపులున్న ఇల్లు నివాస గృహమా కాదా అన్నచోట తగువు పడుతుంది. దావా పడితే మాత్రం ఇల్లు ఆగదు, కోర్టులో వాయిదా పడుతుంటే ఇక్కడ పెచ్చులు పడుతుంటాయి. కూర్చుని మాట్లాడుకోండి.

బ్రాడీపేట 4/14:
గుంటూరు నుంచి. మా దగ్గరా ఇదే వరస. మహాత్మా గాంధీ రోడ్డు మీద జిన్నా టవర్ గురించి అందరికీ తెలుసు, పేరు మార్చాలా వద్దా అని గొడవ, 2022లో జాతీయ జెండా మూడు రంగులేశారు, టీవీల్లో వచ్చింది. దాని గురించి కొట్టుకునేవాళ్లెవరికీ బ్రాడీపేటలో, అరండల్‌పేటలో పెంకుటిళ్లు ఎన్ని పోయాయో పట్టదు. మా లైన్లో ముందు తోట, గుండ్రటి స్తంభాల వరండా ఉన్న ఇల్లు ఒకటి ఉండేది. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చేసరికి కోచింగ్ సెంటర్ బోర్డు.

కుగ్లర్ ఆసుపత్రి, ఏసీ కాలేజీ లాంటివి నిలిచాయంటే వాటి పని వాటికి ఉండబట్టి. ఎవరూ వాడని కట్టడాన్ని ఎవరూ కాపాడలేరు.

బెజవాడ బాబాయ్:
బాగా చెప్పారు. మన బందరు రోడ్డులో విక్టోరియా మ్యూజియం కూడా అంతే. 1887లో రాణి స్వర్ణోత్సవానికి అప్పటి కృష్ణా కలెక్టర్ రాబర్ట్ సూయెల్ పునాది వేశాడు. 1921 బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు, పింగళి వెంకయ్య గారి జెండా కథ కూడా ఆ భవనంతో ముడిపడే ఉన్నాయి. మ్యూజియంగా ఉంది కాబట్టి నిలిచింది. చాలాకాలం మూసేసి, 2020 అక్టోబరులో బాపు పేరుతో మళ్లీ తెరిచారు. వెళ్లి చూశాను. రాతి గోడలు బాగా శుభ్రం చేశారు. లోపల ఏసీలూ స్క్రీన్లూ కాస్త ఎక్కువైనట్టు అనిపించింది గానీ పిల్లలు వాటి దగ్గరే ఆగుతున్నారు.

రామమోహన గ్రంథాలయం సంగతి కూడా చెప్పాలి. 1911లో మొదలైంది. అయ్యంకి వెంకటరమణయ్య గారి గ్రంథాలయ ఉద్యమానికి మన ఊరే పుట్టిల్లు, 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది.

కాలువ గట్టు:
ఇన్ని పోస్టులు చదివాను. ఒక మాట అంటే కోపం తెచ్చుకోకండి.

మండువా, అరుగు, లోగిలి అంటున్నారు. మా తాత ఈ వీధుల్లోనే మూటలు మోశాడు. ఆ అరుగుల మీద కూర్చునే వీల్లేదు ఆయనకి. నీళ్లు అడిగితే దోసిట్లో పోసేవాళ్లు. మీరు పోయిందని బాధపడే బెజవాడలో మా వాళ్ల ఇల్లు ఒక్కటీ మిగల్లేదు, ఎందుకంటే అవి తాటాకువి, రేకులవి, కాలువ గట్టు మీదివి. వాటిని తీసేటప్పుడు ఎవరూ వారసత్వం అనలేదు, ఆక్రమణ అన్నారు. ఇళ్లు కొట్టమని నేను చెప్పట్లేదు. జాబితా అంటూ రాసేటప్పుడు రైవస్ కాలువ, బందరు కాలువ గట్ల మీద పడవల రేవులు, గోడౌన్లు, కాళేశ్వరరావు మార్కెట్టు, కూలీలు తిన్న హోటళ్లు కూడా రాయండి అంటున్నాను.

బెజవాడ బాబాయ్:
కోపం ఎందుకయ్యా. నువ్వన్నది నేను కళ్లారా చూసిందే. రాయాలి.

అరుగు ప్రేమికుడు:
ప్రతి విషయంలోకీ కులం లాగడం ఫ్యాషన్ అయిపోయింది. ఇల్లు ఇల్లే. 2016 పుష్కరాలప్పుడు గుళ్లే కొట్టారు, అప్పుడెవరడిగారు?

కాలువ గట్టు:
నేను కులం పేరు ఎత్తలేదు. మీకే గుర్తొచ్చింది.

చర్చ నిర్వాహకుడు:
ఇక్కడ ఆగుదాం. 2016లో కొట్టిన వాటిలో తొమ్మిది గుళ్లు మళ్లీ కట్టడానికి 2021 జనవరిలో శంకుస్థాపన జరిగింది, అది రికార్డు. ఏ పార్టీ ఏం చేసిందన్న వాదన వేరే చర్చలో పెట్టుకోండి. కాలువ గట్టు గారి పోస్టు చర్చకి సంబంధించినదే, ఉంటుంది.

లెనిన్ సెంటర్:
మార్కెట్టు మాట వచ్చింది కాబట్టి. అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకరు. ఆయన పేరిట ఉన్న మార్కెట్టు కట్టడంగా చూస్తే మామూలుదే, నాకు ఇష్టం కూడా లేదు. కానీ తెల్లవారుజామున అక్కడ జరిగే వ్యాపారం కొత్త కాంప్లెక్సులో నాలుగో అంతస్తుకి ఎక్కదు. హైదరాబాదులో మొజంజాహీ మార్కెట్టు 1935 నాటిది, రంగులూ బోర్డులూ రేకులూ తీసి రాయి కనబడేలా బాగు చేసి 2020 ఆగస్టులో తెరిచారు. ఐస్‌క్రీం షాపులు అందులోనే ఉన్నాయి. వ్యాపారం ఆపకుండా బాగు చేయొచ్చని చెప్పడానికి అది చాలు.

ఆర్కిటెక్చర్ ఫైనలియర్:
నమస్తే సర్. మా కాలేజీ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టుకి మేం వన్‌టౌన్‌లో ఇళ్లు కొలుస్తున్నాం. ఓనర్లు లోపలికి రానివ్వరు, మునిసిపాలిటీ నుంచి వచ్చామనుకుంటారు. మీ ఇల్లు కొలవడానికి ఒప్పుకుంటే ప్లాను, సెక్షన్, ప్రతి దూలం నంబరుతో డ్రాయింగ్ చేసి మీకు ఒక కాపీ ఇస్తాం. మీరు తర్వాత కొట్టినా సరే, కాగితం మీద ఉంటుంది. మా మేడమ్ కూడా వస్తారు. డబ్బులేం వద్దు, మధ్యాహ్నం భోజనం పెడితే చాలు.

కొత్తపేట మనవడు:
తప్పకుండా రండి. భోజనం పెద్దత్త చూసుకుంటుంది, వద్దన్నా వదలదు.

కొత్తపేట మనవడు:
అప్‌డేట్. ఆలస్యమైంది, క్షమించండి.

గానుగ సున్నం గారు చెప్పినట్టు ఆ మూల దూలాలు గుచ్చి చూశాం. ఉమ్మడి గోడ వైపు రెండు కొసలు పోయాయి, స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది, లోపలి నుంచి కాఫీ పొడిలాంటి తవుడు రాలింది. మిగతావి టక్ టక్ మన్నాయి. మిద్దె మీద తూములో పక్కింటి వాళ్ల గాలిపటం, క్రికెట్ బంతి, ఓ పిడికెడు మట్టి, అందులో మొలిచిన రావి మొక్క. టైల్స్ కింద మూడు పొరల సిమెంటు ఉంది. ట్యాంకు దించేశాం. ఆ గదికి తాళం వేశాం, కింద బాదులు పెట్టించాం. ఇంజినీరు రిపోర్టుతో నోటీసుకి సమాధానం ఇచ్చి, రసీదు తీసుకున్నాం.

వీధి కొలిస్తే జి ప్లస్ ఫోర్ అన్న మాటే నిజమైంది. బిల్డరు మొదట చెప్పిన ఫ్లాట్ల లెక్క ఇప్పుడు చెప్పట్లేదు. బాబాయ్ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత "అయితే అద్దెన్నా పెంచండి" అన్నాడు.

షాపుల వాళ్లతో కూర్చున్నాం. ఒకాయన అడ్వాన్సు ఇస్తానన్నాడు, కొత్త అద్దె కాగితం రాసుకుందామన్నాడు. రెండో ఆయన కొడుకులతో మాట్లాడి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు. ఆయన ఒప్పుకోకపోతే డబ్బు సరిపోదు. పెరటి వైపు వంటిల్లు, కొట్టు గది మాత్రం తీసేయక తప్పదు, గోడ బాగా ఒరిగింది. దీనికి పెద్దత్త కూడా సరేనంది, ఏడ్చింది గానీ సరేనంది. పైగదులు ఏం చేయాలో తేలలేదు. చిన్నత్త తన వాటాకి డబ్బే కావాలని ఇప్పుడు నోరు విప్పింది, అది న్యాయమే. ముగ్గురూ కలిసి కొంత కొంతగా ఇవ్వాలి. వకీలు గారూ, దానికి రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) సరిపోతుందా?

వాయిదా వకీలు:
సరిపోతుంది. ఎవరి పేరున వదులుతున్నారో, ఎంత ముట్టిందో స్పష్టంగా రాయించండి. వాయిదాల్లో ఇస్తుంటే చివరి వాయిదా ముట్టాకే రిజిస్ట్రేషన్, ఈలోగా అగ్రిమెంటు. తెల్లకాగితం మీద పెద్దమనుషుల ఒప్పందం అని మాత్రం వద్దు.

జి ప్లస్ ఫోర్:
వంటిల్లు దింపేటప్పుడు జేసీబీ రానివ్వకు తమ్ముడూ. దాని అదురుకి ఉమ్మడి గోడ కదులుతుంది. మనుషులతో పైనుంచి ఒక్కో వరస విప్పించు. కిటికీలు, గుమ్మాలు, దూలాలు పాతసామాన్ల వాళ్లు గుత్తకి అడుగుతారు, ఇవ్వకు. కొస పోయిన దూలాలకి అతుకు ముక్కలు వాటిలోంచే వస్తాయి, అంత పాత టేకు ఇప్పుడు కొందామన్నా దొరకదు.

కొత్తపేట మనవడు:
సరే అన్నా. సున్నం పని ఎప్పుడు మొదలుపెట్టొచ్చు? మేస్త్రి రేపే వస్తానంటున్నాడు.

గానుగ సున్నం:
రేపే వస్తానన్నవాడు సిమెంటు మేస్త్రి అయి ఉంటాడు. సున్నం ముందు గుంటలో నానాలి, ఆ తర్వాత గానుగ పట్టాలి. వానల్లో ఆరదు, ఎండాకాలం మరీ తొందరగా ఆరి బీటలిస్తుంది. ఇప్పుడు సున్నం నానేయించి, మిద్దె మీద పాత సిమెంటు పొరలు సుత్తి, శానంతో మెల్లగా తీయించండి, డ్రిల్లింగ్ మిషన్ వద్దు. తీసినంత మేర టార్పాలిన్ కప్పండి. పూత పని కార్తీకంలో పెట్టుకోండి, గోనె పట్టాలు తడిపి కప్పుతూ ఉండాలి.

షట్టర్ నంబర్ రెండు:
కార్తీకమే మంచిది. దసరా పది రోజులూ దుర్గగుడి కొండ కింద ఇసుక బండి కూడా కదలదు. మా వీధి జట్టు కూలీలతో మాట్లాడి పెడతాను, ఇటుక ముక్కలు తెల్లవారుజామున నాలుగింటికి దింపించుకోండి, ఆ తర్వాత షాపుల బళ్లు వచ్చేస్తాయి.